కల్తీ కలిపిన బరువు

కంప్యూటర్ ఇంకా ఆఖరిసారి లెక్కలు సరిచూస్తూనే ఉంది, తెర మీద ఆకుపచ్చ గీత సగం దాటాక అక్కడే చతికిలబడింది, మా ఆయన బల్లకు అవతలి చివర కూర్చుని పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు, మళ్ళీ తీస్తున్నాడు. తప్పు చేయనివాడు పెన్ను మూతతో అలా ఆడుకుంటాడా? ఆడుకుంటాడు. చేసినవాడూ ఆడుకుంటాడు. అదే నాకు వచ్చిన చిక్కు, ఇన్ని వారాలుగా ఏది చూసినా రెండు వైపులకూ సాక్ష్యం చెబుతోంది. నేల కింద కట్టిన గది ఇది, కిటికీ లేదు, గాలి యంత్రం సన్నగా మూలుగుతోంది, అందరి కాళ్ళకూ మెత్తటి గుడ్డ చెప్పులే, ఎందుకంటే ఆ గోడకు అవతల సన్నటి లోహపు తీగకు వేలాడుతున్న పరికరం మనిషి అడుగుల చప్పుడుకు కూడా ఉలిక్కిపడుతుంది. నా పక్క కుర్చీలో తీగ మాస్టారు, ఆ తీగను తయారుచేసిన పెద్దమనిషి, చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నాడు, నిద్రో ధ్యానమో తెలియదు, గురక వస్తే తేల్చుకోవచ్చు. తెర ముందు లెక్కల అమ్మాయి, కొలతలన్నీ విడమరిచి జవాబు దాకా తెచ్చిన పిల్ల, గోళ్ళు కొరుక్కుంటోంది. బల్ల మధ్యలో మేడమ్, ఈ ప్రయోగం మొత్తానికి పెద్ద, కళ్ళజోడు తుడిచిందే తుడుస్తోంది.

వీళ్ళు కొలిచేది ఒక వస్తువు మరో వస్తువును ఎంత బలంగా లాగుతుందన్నది. పెద్ద లోహపు గుండ్లు నాలుగు, వాటి మధ్య తీగకు వేలాడే చిన్న గుండ్లు, పెద్దవి చిన్నవాటిని వెంట్రుకవాసి లాగితే తీగ మెలి తిరుగుతుంది, ఆ మెలి ఎంతో చూస్తారు, అంతే. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది కానీ ఒక్కో ప్రయోగశాలకు ఒక్కో జవాబు వస్తుంది, ఎవరి జవాబు వాళ్ళకు ముద్దు. అందుకని మేడమ్ ఒక ఏర్పాటు చేసింది. పెద్ద గుండ్ల అసలు బరువు జట్టులో ఎవరికీ తెలియకూడదు. బయటి మనిషి ఒకరు వాటిని తూనికల ఆఫీసుకు తీసుకెళ్ళి, తూయించి, అసలు బరువు ఏ కాగితం మీదా మిగలనివ్వకుండా, దానికి తన ఇష్టం వచ్చినంత కల్తీ కలిపి, ఆ తప్పుడు బరువు జట్టుకు చెప్పాలి. వీళ్ళు దానితోనే లెక్కలు కట్టుకోవాలి, లోపాలు వెతుక్కోవాలి, దిద్దుకోవాలి. ఇక దిద్దేదేమీ లేదని అందరూ ఒప్పుకున్న రోజున ఆ మనిషి కల్తీ ఎంతో పైకి చెబితే, దాన్ని తీసేస్తే, అసలు జవాబు తెర మీదికి వస్తుంది. ఆ తర్వాత ఎవరూ దేన్నీ ముట్టుకోవడానికి లేదు. వీళ్ళ వాడుకలో దీని పేరు ముసుగు. ఇంత తంటా ఎందుకంటే, తనకు కావలసిన జవాబు ఎటువైపు ఉందో తెలిసిన మనిషి అబద్ధం ఆడనక్కర్లేదు, తప్పులు వెతకడం ఎప్పుడు ఆపాలో తెలిస్తే చాలు. నచ్చని జవాబు వస్తున్నంతసేపూ నిద్రాహారాలు మాని వెతుకుతాడు, నచ్చింది రాగానే దుప్పటి ముసుగేసి పడుకుంటాడు. ఈ ముక్క నేను ఏళ్ళ తరబడి పై అంతస్తులో పిల్లలకు చెబుతున్నదే. విజ్ఞానశాస్త్ర తత్త్వం నా సబ్జెక్టు. శాస్త్రజ్ఞులు మాకు తెలుసు అన్నప్పుడల్లా ఎలా తెలుసు అని అడగడం నా ఉద్యోగం.

ఆ బయటి మనిషిని నేనే. "మీకు సైన్సు రాదు, సైన్సు గురించి వచ్చు, మాక్కావలసింది సరిగ్గా అలాంటివాళ్ళే" అని మేడమ్ అన్నప్పుడు మెచ్చుకుందో తిట్టిందో నాకు అర్థం కాలేదు. జట్టులో కొలతలు తీసేది మా ఆయనే కాబట్టి, మొగుడూ పెళ్ళాల మధ్య గుట్టు నిలుస్తుందా అని తీగ మాస్టారు సందేహం లేవదీశాడు. "ఈవిడ అనుమానప్పక్షి మాస్టారూ, సొంత నీడక్కూడా చెప్పదు" అంది మేడమ్. "మరి ఈయనకో?" "ఈయనకు అసలే చెప్పదు." అందరూ నవ్వారు, అందరికంటే ఎక్కువ మా ఆయనే నవ్వాడు, అంత నవ్వు ఎందుకు వచ్చిందా అని నేను ఆ రోజే అనుకున్నాను. అప్పట్నుంచి ఇక్కడ నా పేరు తాళాల అత్తగారు. నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగానే ఉండేది. మా పై అంతస్తు వాళ్ళను ఈ కింది గదుల్లోకి ఎవరు రానిస్తారు గనక? సభలప్పుడు వేదిక మీద ఒక కుర్చీ వేస్తారు, నాలుగు మంచి మాటలు చెప్పించుకుంటారు, పనిలోకి దిగేటప్పుడు తలుపేసుకుంటారు. మా పక్క గది సమాజశాస్త్రం ఆయనను అడిగితే, వాళ్ళంతా కూడబలుక్కుని నిజం అన్నదే నిజం అంటాడు. చరిత్ర చెప్పే ఆవిడ, వందేళ్ళు ఆగండి, అప్పుడు చెబుతాను అంటుంది. గణితం ఆయన ఈ ఇద్దరి మాటలూ విని, జాలిగా నవ్వి, తన టీ తను తాగి వెళ్ళిపోతాడు. నేను వీళ్ళందరి మధ్యా పెళ్ళికి వచ్చి ఏ పక్షమో తేల్చుకోలేని చుట్టంలా తిరుగుతుంటాను. అలాంటిది, నా తలలో ఒక్క సంఖ్య పెట్టుకున్నందుకు కింది గదిలో నాకంటూ ఒక కుర్చీ వచ్చింది.

గీత కాస్త కదిలింది. మా ఆయన తెర వంక చూడలేదు. మిగతావాళ్ళంతా చూశారు, ఆయన చూడలేదు. జవాబు ముందే తెలిసినవాడికి చూడాల్సిన పనేముంది? లేదా, చూడటానికి భయమా? ఈ జవాబు మీద ఆయన బతుకంతా వేలాడుతోంది మరి. కుర్రతనంలో ఎప్పుడో పాత పరికరంతో కొలిచి ఒక సంఖ్య చెప్పాడు, అది ఎవరి సంఖ్యతోనూ కలవలేదు, పెద్దలు పెదవి విరిచారు, ఒకాయన సభలో అందరి ముందూ నీ తీగకు జలుబు చేసిందేమో చూసుకోవయ్యా అన్నాడట. ఆ మాట నాకు పెళ్ళయిన కొత్తలో చెప్పాడు, చెబుతూ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ఈ కొత్త ప్రయోగం ఆయన పాత సంఖ్యకు దగ్గరగా వస్తే ఆ పెదవులన్నీ మూతపడతాయి. రాకపోతే ఇన్నేళ్ళూ ఆయన తప్పు పట్టుకుని వేలాడినట్టు. ఇంత ఆకలి ఉన్న మనిషి ముందు విస్తరి మూసి పెట్టి, తాళం పెళ్ళాం చేతిలో పెట్టారు.

మొదట్లో నాకు ఏ అనుమానమూ లేదు. అబద్ధం, ఎప్పుడు లేదు గనక, నిద్రపోతున్నదన్నమాట. దాన్ని లేపింది ఆయనే. ఒక సాయంత్రం బట్టలు మడత పెడుతుంటే, "అవునూ, ఆ కల్తీ సంఖ్యను మర్చిపోకుండా ఎలా గుర్తుపెట్టుకున్నావ్? ఎవరిదైనా పుట్టినరోజా, ఇంటి నంబరా?" అని అడిగాడు. మామూలుగానే అడిగాడు, చొక్కా చేతులు మడుస్తూ. "మీకెందుకు?" అన్నాను. "ఊరికే" అన్నాడు. ఊరికే ఎవరూ ఏదీ అడగరని మా నాన్న అనేవాడు. మా నాన్న ఉద్యోగం కాలిపోయిన ఇళ్ళూ కొట్లూ చూసి నిప్పు ఎలా అంటుకుందో చెప్పడం. మసి పట్టిన బూట్లతో ఇంటికి వచ్చేవాడు, అన్నం ముందు కూర్చుని ఆ రోజు ఎవరు ఎలా ఏడ్చారో చెప్పేవాడు, గట్టిగా ఏడ్చినవాడి మీద ఒక కన్ను, ఏడవనివాడి మీద రెండో కన్ను. పనివేళ అయిపోయినా ఆ కళ్ళు మూతపడేవి కావు. గుక్కపట్టి ఏడుస్తున్న నన్ను ఎత్తుకుని, ఇది నిజం ఏడుపేనంటావా అని అమ్మను అడిగేవాడట. "మీ నాన్నకు నేనంటే ఇష్టం లేక కాదే, నమ్మడం అలవాటు లేదు" అంది అమ్మ ఒకసారి, కూర కలుపుతూ, నా వైపు తిరక్కుండా. అప్పుడు నాకు నాన్న మీద జాలి వేయలేదు, నాన్న తెలివి మీద మురిసిపోయాను. ఇప్పుడు ఈ గదిలో కూర్చుని తలుచుకుంటే అమ్మ గొంతు ఎంత అలిసిపోయి ఉందో వినబడుతోంది.

ఆ ప్రశ్న అడిగిన మర్నాడే వల పన్నాను. ఇంకే మాట వాడినా అది వలే. వంటింట్లో నేను పళ్ళాలు తుడుస్తున్నాను, ఆయన మంచినీళ్ళు పట్టుకుంటున్నాడు, నేను ఏదో ధ్యాసలో ఉన్నట్టు, నాలో నేను గొణుక్కున్నట్టు, ఆయన చెవిన స్పష్టంగా పడేట్టు, "ఆరువందల పన్నెండు కలిపాను కదా, పన్నెండే కదా" అన్నాను. అసలు కల్తీ అది కానే కాదు. ఆయన చేతిలో గ్లాసు నిండి పొర్లింది. కుళాయి కట్టేసి, నా వంక చూడకుండా, "తలనొప్పిగా ఉంది, పడుకుంటాను" అని వెళ్ళిపోయాడు. నేను మాత్రం తడి పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడ్డాను, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ సంతోషం వేసింది. ఆయన ఆ సంఖ్య నమ్మి, దాని ప్రకారం జవాబును తన పాత సంఖ్య వైపు నడిపిస్తే, ఈరోజు అసలు కల్తీ తీసేసినప్పుడు తెర మీది జవాబు ఆయన కోరుకున్న చోటు నుంచి పక్కకు జరిగి నిలుస్తుంది, ఎంత జరుగుతుందో కూడా నేను ముందే లెక్కగట్టి పెట్టుకున్నాను. నేను లెక్కగట్టిన చోటే నిలిస్తే దొంగ దొరికినట్టు. నేను జీవితంలో చేసిన మొట్టమొదటి ప్రయోగం అది, చేసింది మా ఆయన మీద.

ఆ తర్వాత చూడాలి ఆయన వాలకం. అంతకు ముందు అన్నం దగ్గర కూర్చుంటే తీగ ఇవాళ అలిగిందనీ, పై రోడ్డు మీద లారీ పోతే కొలత చెడిందనీ నేను ఆవలించేదాకా చెప్పేవాడు. ఒక్కసారిగా నోటికి తాళం పడింది. పెందలాడే ఇంటికి రావడం మొదలుపెట్టాడు. నేను గదిలోకి వస్తే ఒళ్ళో కంప్యూటర్ మూసేసేవాడు. ఒకసారి వరండాలో ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడుతూ, నన్ను చూసి, "సరే, మళ్ళీ మాట్లాడతాను, వచ్చింది" అని పెట్టేశాడు. వచ్చింది! పెళ్ళాన్ని గురించి అలా ఎవరితో అంటారు? ఇంట్లో కారుతున్న కుళాయిలు బాగుచేశాడు, బిగుసుకుపోయిన కిటికీ గడియకు నూనె పోశాడు, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఏ మూల చూసినా ఏదో పని పెట్టుకుని తిరిగేవాడు. ఒక్కొక్కటీ పోగేసుకున్నాను. మరి క్లాసులో నేనేం చెబుతాను? పోగేసిన వాటి కుప్ప ఎంత పెద్దదైనా ఒకే కథ చెప్పదు, అదే కుప్పకు ఇంకో కథ కూడా సరిపోవచ్చు, ఆ ఇంకో కథ వెతికావా అని అడుగు అని చెబుతాను. నేను వెతకలేదు. ఎందుకు వెతకాలి, నాకు కావలసిన జవాబు అప్పటికే వచ్చేసింది. వీళ్ళ కొలతలకు ముసుగు వేసి కూర్చున్నాను, నా కళ్ళకు ఏ ముసుగూ లేదు, దొంగ ఎవరో ముందే తెలిసి దొంగను వెతికాను. ఇది ఇప్పుడు తడుతోంది, ఈ కుర్చీలో, ఆ గీత ముప్పాతిక దాటుతుండగా.

ఇంకొకటి కూడా ఇప్పుడే తడుతోంది. ఆయన నిజంగానే ఆ ఎర మింగి ఉంటే చెడిపోయేది ఆయన ఒక్కడేనా? ఈ పిల్ల కళ్ళ కింద నలుపులు, తీగ మాస్టారు ఒక్క తీగ కోసం తెంపి పారేసిన లెక్కలేనన్ని తీగలు, మేడమ్ తుడిచిందే తుడుస్తున్న ఆ కళ్ళజోడు, అన్నీ నా వలలో పడ్డట్టే కదా. దొంగను పట్టుకోవడానికి ఇల్లు తగలబెట్టిన దాన్నవుతాను. నాకు భయంగా ఉంది. ఆయన దొంగ కాకూడదని ఉంది. కాకపోతే నేనేమిటన్నది తలుచుకుంటే, దొంగే అయితే బాగుండునని కూడా ఉంది. రెండూ ఒకేసారి ఉన్నాయి, ఏది ఎక్కువో తూచుకునే ధైర్యం లేదు. ఆయన పెన్ను మూత మళ్ళీ తీశాడు. మెడ దగ్గర చొక్కా గుండీ ఊడిపోయి ఉంది, పొద్దున నేను చూడనే లేదు, ఇన్ని వారాలుగా ఆయన్ను కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తున్నాననుకున్నాను.

గీత చివరికి వచ్చేసింది. కంప్యూటర్ ఒక్కసారి చిన్నగా కూసింది, తీగ మాస్టారు కళ్ళు తెరిచాడు, లెక్కల అమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మేడమ్ లేచి నిలబడింది. ముసుగు తీసే ముందు బల్ల చుట్టూ ఒక్కొక్కరూ తమకు అభ్యంతరం లేదని నోటితో చెప్పాలి, తల ఊపితే చెల్లదు. లెక్కల అమ్మాయి లేదంది. తీగ మాస్టారు, "నాకేముంటుందమ్మా, లేదు" అన్నాడు. మా ఆయన పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"నేను ఒక విషయం చెప్పాలి" అన్నాడు.

"అక్కర్లేదండీ, నాకు చెప్పారు కదా, అది చాలు" అంది మేడమ్ గబగబా, నా వైపు ఒకసారి చూసి.

"చాలదు మేడమ్, అందరికీ తెలియాలి. ముసుగు సంఖ్య నాకు తెలిసిపోయింది. కొన్ని వారాలైంది. తెలిసిన వెంటనే మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పాను. అప్పట్నుంచి కొలతలు ముట్టుకోలేదు, ఈ అమ్మాయి పంపిన లెక్కలు ఒక్కటీ తెరవలేదు. అయినా నియమం నియమమే. ఈ ఫలితం మీద నా పేరు ఉండటానికి వీల్లేదు."

"మీ పేరు లేకుండానా?" అంది లెక్కల అమ్మాయి. "అసలు ఎలా తెలిసింది సార్?"

ఆయన నా వైపు చూడలేదు. "నేనే అడిగాను. గుచ్చి గుచ్చి అడిగితే విసుగొచ్చి అనేసింది. ఆవిడ తప్పేం లేదు."

అబద్ధం. ఆయన ఏమీ గుచ్చి అడగలేదు. ఇన్ని వారాలు వెంటపడితే ఒక్క అబద్ధం ఆడగా పట్టుకున్నాను, అది నన్ను నలుగురిలో కాపాడటానికి ఆడుతున్న అబద్ధం. వరండాలో ఫోన్ మేడమ్‌తో. మూసేసిన కంప్యూటర్, చూడకూడని లెక్కలు వచ్చి పడుతుంటే. పెందలాడే రావడం, ఇక్కడ చేయడానికి పని లేక. కుళాయిలు, కిటికీ గడియ, బతుకంతా చేసిన పని చేతుల్లోంచి జారిపోతే ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక. తన పాత సంఖ్య గెలిచినా ఆ జవాబు మీద తన పేరు ఉండదని తెలిసి కూడా నాతో ఒక్క మాట అనలేదు, నోరు జారానని నేను బాధపడతానని. మాట్లాడకుండా ఉండొచ్చు కదా అనుకున్నాను, ఉండలేను, ఇప్పుడు అసలు సంఖ్య చెబితే అది ఆరువందల పన్నెండు కాదని ఆయనకు తెలిసిపోతుంది. దాచాలంటే ఆరువందల పన్నెండే అసలు సంఖ్య అని చెప్పాలి. చెబితే ఎవరికీ ఏమీ తెలియదు, ఇల్లు ఇల్లులాగే ఉంటుంది, లోకానికి మాత్రం ఒక తప్పుడు జవాబు వెళ్ళిపోతుంది. ఒక్క క్షణం దాన్ని కూడా ఆలోచించాను. లేదని చెప్పను.

"ఆయన విన్నది అసలు సంఖ్య కాదు" అన్నాను. "నేను కావాలని తప్పుడు సంఖ్య వినిపించాను. వాడుకుంటారేమో చూద్దామని."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మేడమ్ ముఖం విప్పారింది. "అంటే ముసుగు చెడలేదు! ఈయన పేరు తీయక్కర్లేదు!" అంది, లెక్కల అమ్మాయి చప్పట్లు కొట్టబోయి, మా ఇద్దరి ముఖాలూ చూసి, చేతులు దించేసుకుంది. తీగ మాస్టారు "అమ్మ తల్లీ" అని మాత్రం అన్నాడు. మా ఆయన నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. చాలా సేపు చూశాడు, ఎక్కడో చూసిన మనిషే కానీ ఎవరో గుర్తుకు రావడం లేదన్నట్టు చూశాడు.

"సరే, ఇక అసలు సంఖ్య చెప్పండి" అంది మేడమ్.

"రెండువందల తొంభై మూడు" అన్నాను.

లెక్కల అమ్మాయి వేళ్ళు మీటల మీదికి వెళ్ళాయి. "ఆగమ్మా" అన్నాడు మా ఆయన. "మేడమ్, నా అభ్యంతరం ఇప్పుడు చెబుతున్నాను. గుండ్లు దింపించి మళ్ళీ తూయించండి."

"అయ్యో, మొత్తం విప్పాలండీ. నెలలు పడుతుంది. తీగ తెగినా తెగొచ్చు, మళ్ళీ మొదటికొస్తాం." మేడమ్ ఆయన చేయి పట్టుకుంది. "ఆవిడ ఇప్పుడు చెప్పింది కదా."

"ఆవిడే కదా చెప్పింది" అన్నాడు ఆయన.

గొంతులో కోపం లేదు, పని దగ్గర మాట్లాడే గొంతే. మేడమ్ నా వైపు చూసింది, తీగ మాస్టారు చూశాడు, లెక్కల అమ్మాయి నెమ్మదిగా చేతులు వెనక్కి తీసుకుని తెర ఆర్పేసింది. నేను చెప్పింది అసలు సంఖ్యే. అసలుదేనని చూపించడానికి నా మాట తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.